జిగురు బల్ల

రాటెనోలో హాఫెల్ నది మంచు
కార్ఖానా కిటికీలకి అంటుకునే వేళ
రోజ్‌విటా స్పిరిట్ దీపం వెలిగించేది.
ఇనప పలక మీద రెండు గాజుముక్కలు
చలి కాచుకుంటూ కూచునేవి.
ఒకటి ఉబ్బెత్తు క్రౌను.
ఒకటి గుంట పడ్డ ఫ్లింటు, సీసం తాగిన గాజు,
చేతికి బరువు.

నాకప్పుడు పదహారేళ్ళు.
బల్ల తుడవడం, దూది తడిపి అందించడం నా పని.
మొదటి రోజు ఒంటి క్రౌను చేతిలో పెట్టి
"తూము దగ్గర దీపం చూడు" అంది.
చూశాను. దీపం చుట్టూ ఊదా అంచు.
కాస్త జరిపితే ఎర్ర అంచు.
ఎంత వెనక్కీ ముందుకీ జరిపినా
తెల్లని దీపం మాత్రం దొరకలేదు.

"నీలానికి తొందరెక్కువ, ముందే వాలిపోతుంది.
ఎరుపు తీరిగ్గా వెనకాల వస్తుంది.
ఫ్లింటు వాటిని ఒక చోట కలుపుతుంది.
క్రౌను వంచినదాన్ని కొంతే విప్పుతుంది,
విడగొట్టినదాన్ని మాత్రం దగ్గరికి లాగుతుంది.
ఎలాగంటే చెప్పలేను.
లెక్క పై అంతస్తులో ఉంది. నాకు చేతులే వచ్చు."

పై అంతస్తు లెక్కల బాబులు కిందికొచ్చినప్పుడు
"మొగుడూ పెళ్ళాంలా భలే జోడీ" అని నవ్వేవారు.
ఆమె తల ఎత్తేది కాదు.
ఒక్కసారే, సీసా మూత తిప్పుతూ అంది,
"పెళ్ళిలో ఇంత కొలత ఎక్కడుంది?"

ఆ సీసాలో కెనడా బంక.
సముద్రం అవతల ఫర్ చెట్ల బెరడు మీద
బొబ్బలు పొడిస్తే కారుతుందట.
లేత తేనె రంగు. ఒక్క చుక్క.
గాజు మీదికి గాజు దించి
చిటికెన వేలి ఒత్తిడితో గుండ్రంగా తిప్పితే
బుడగలు అంచుకి పారిపోయేవి.
రెండిటి మధ్య గీత ఉన్నట్టే ఉండి మాయమయ్యేది.
చివర అంచు మీద పెన్సిల్‌తో ఓ కొక్కెం,
సగం క్రౌను మీద, సగం ఫ్లింటు మీద.
ఆ కొక్కెం ఉన్నదాన్ని
తనిఖీ గదిలో ఎవరూ రెండోసారి చూసేవారు కాదు.

ఇరవై ఆరేళ్ళ తర్వాత
హాఫెల్‌బెర్గ్ నుంచి ఓ బడిపంతులు దుర్భిణి తెచ్చాడు.
"చందమామకి నూనె తెట్టు పట్టింది" అన్నాడు.
మరలు విప్పి కటకాన్ని వెలుతురులో పెట్టాను.
బంక పసుపెక్కింది.
అంచు నుంచి లోపలికి ఫెర్ను ఆకులా విచ్చింది.
ఏ రంగుల్ని అణచడానికి అతికించామో
ఆ రంగులే పగుల్లో షికారు చేస్తున్నాయి.
అంచు మీద కొక్కెం.
కొక్కెం పక్కన ఆవగింజలో సగం, ఓ బుడగ.

రోజ్‌విటా బుడగ వదలదు.

భూతద్దం పెట్టి చాలాసేపు కూచున్నాను.
జనవరి. వేళ్ళు కొంకర్లు పోయిన ఉదయం.
నా మొదటి జత.
వారం జీతం కోస్తారని గుటకలు మింగుతుంటే
ఆమె దాన్ని దీపానికెత్తి చూసింది.
"గొట్టం అంచు కప్పేస్తుందిలే" అంది,
పెట్టెలో అట్టడుగున పెట్టింది.
గుర్తు ఎప్పుడు వేసిందో నేను చూడలేదు.
ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

పొయ్యిలో కొంచెం కొంచెం వేడి పెంచాను.
తొందరపడితే ఫ్లింటు చిట్లుతుంది.
సాయంత్రానికి గాజులు జారి విడిపోయాయి,
కొక్కెం రెండు ముక్కలైంది.
పాత బంకతో పాటే బుడగా పోయింది.
దూదిని అంచు మీదికి పోనివ్వలేదు.
కొత్త చుక్క వేసి, పైగాజు దించి,
కొక్కెం సగాలు రెండూ ఎదురుపడేదాకా
చిటికెన వేలితో తిప్పాను.

పంతులు తూము దగ్గర దీపం చూశాడు.
"బాగుంది. కానీ ఇంకా సన్నగా ఊదా ఉందే?"
"రెండు గాజులతో అంతే వస్తుంది.
మిగిలింది మీరే భరించాలి."
బిల్లులో బంక రాశాను, పొయ్యి రాశాను,
రెండు రోజుల పని రాశాను.
బుడగ తీసినందుకు ఏమీ రాయలేదు.
"ఏం బుడగ?" అన్నాడు.